పానా దొరికితేనే పెళ్ళి

ముందే మనవి చేసుకుంటున్నాను. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఇంకాస్త తగ్గించి నమ్మండి. పెరట్లో పిల్లి కనబడితే వీధిలోకెళ్ళి పులి అని చెప్పిన చరిత్ర నాది. అయితే మా విమానం బాబాయి దగ్గరికొచ్చేసరికి నాకో ఇబ్బంది ఉంది. ఆయన తన బతుకులో నేను పెంచి చెప్పడానికి పెద్దగా చోటు మిగల్చలేదు.

మా కుర్రతనంలో మా ఊళ్ళో రాజమండ్రి దాటినవాడే దేశాలు తిరిగినవాడు. (యానాం వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, తిరిగొచ్చాక వాళ్ళకి ప్రయాణ విశేషాలేవీ గుర్తుండేవి కావు.) అటువంటి ఊళ్ళోంచి మా నాన్న తమ్ముడు, మీసం సరిగ్గా మొలవకముందే ఎయిర్‌ఫోర్సులో చేరిపోయి, జోధ్‌పూర్ ఇసుకలోనూ, అస్సాం వానలోనూ, లడఖ్ మంచులోనూ విమానాల పొట్టలు విప్పి బిగించారు. శిక్షణ కోసం రష్యా కూడా వెళ్ళారు. అక్కడ గడ్డం గీసుకోవాలంటే ముందు దాన్ని పొయ్యి దగ్గర కూర్చుని కరిగించుకోవాలని నేను స్నేహితులకి చెబుతుంటే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "నీళ్ళు కాచుకుంటే చాలురా" అని దిద్దేవారు. రిటైరై వచ్చిన కొత్తలో ఎవరో "తమరు విమానాలు నడిపేవారాండి?" అని అడిగితే, "లేదండి, నడిపేవాళ్ళు తిరిగి కిందికి దిగేలా చూసేవాణ్ణి" అన్నారు.

ఇక నా పెళ్ళి. పిల్లది గోదావరి మధ్యలో లంక. పడవ తప్ప దారి లేదు. పగటి ముహూర్తం. అది తప్పితే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలన్నారు, ఆ లోగా మామగారి మనసు మారుతుందేమోనని నా బెంగ. (నన్ను చూసినవాళ్ళెవరికైనా ఆ బెంగ న్యాయమే అనిపిస్తుంది.) బాసికం కట్టుకుని నేనూ, అరిసెల గంప ఒళ్ళో పెట్టుకుని మా మేనత్తా, మిగతా బలగమంతా ఇంజన్ పడవెక్కాం. బాబాయి పట్టుపంచె మీద కూడా తన గుడ్డచుట్ట చంకన పెట్టుకునే వచ్చారు. ఒక్కో పనిముట్టుకి ఒక్కో జేబు కుట్టిన కాన్వాసు చుట్ట అది. "పెళ్ళికి పానాలేంట్రా, పీటలు బిగిస్తావా?" అంది అత్త. ఆయన నవ్వి, చుట్టని ఇంకాస్త గట్టిగా చంకలో నొక్కుకున్నారు.

నడి గోదాట్లో ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సరంగు లంగరు వేసి, హ్యాండిల్ తిప్పి తిప్పి చొక్కా పిండుకున్నాడు. అవతలి గట్టు మీద మా కోసం బ్యాండువాళ్ళు అప్పుడే మొదలెట్టేశారు కూడా. బాబాయి పంచె ఎగగట్టి ఇంజన్ దగ్గరికి దిగారు. డీజిల్ గొట్టంలో గాలి పట్టిందన్నారు. ఓ చిన్న పానాతో నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా చూసి, మళ్ళీ బిగించారు. పెళ్ళికూతురి ముఖం చూసినంత సంతోషం వేసింది నాకు.

సరంగు హ్యాండిల్ పట్టుకున్నాడు. బాబాయి చుట్ట విప్పి చూశారు. ఒక జేబు ఖాళీ.

"ఆపు" అన్నారు.

"ఇంజన్ బాగైపోయిందిగదండీ" అన్నాడు సరంగు.

"బాగైంది. చిన్న పానా కనబడటం లేదు. అది కనబడేదాకా హ్యాండిల్ ముట్టుకోకు."

నాన్న బతిమాలారు. "ఒరేయ్, కొత్తది కొనిపెడతాను, పోనివ్వరా."

"కొత్తది జేబులోకొస్తుందన్నయ్యా. పాతది ఎక్కడుందో అది చెప్పదుగా."

"పిల్లాడి పెళ్ళి చెడగొట్టడానికే పుట్టావురా నువ్వు" అని అత్త గంప వాటేసుకుని మరీ తిట్టింది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పారు. "ఒకసారి ఇలాగే ఒకటి కనబడలేదురా. ఎగరాల్సిన కుర్రాడు, నీ ఈడువాడు, మా వెనకాలే తిరుగుతూ తిట్టాడు. మేం వినిపించుకోలేదు. చివరికి రెక్కల అంచుల్ని కదిలించే కడ్డీల మధ్య దొరికింది. వాడు చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు."

నేనే ముందు వంగాను. బాసికం మసిలో ఆనేలా పడవ అడుగంతా తడిమాను. పురోహితుడుగారు తాళ్ళ చుట్టల కింద చూశారు. చివరికి పానా ఇంజన్ మీదే, బెల్టు పక్కన, పెద్ద చక్రానికి వేలెడు దూరంలో దొరికింది. హ్యాండిల్ తిప్పి ఉంటే అది తుపాకీ గుండులా లేచి సరంగు గుండెల్లోంచి దూసుకుపోయి అంతర్వేది దాకా వెళ్ళేది. సరంగు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. బాబాయి పట్టు కండువాతో దాన్ని తుడిచి, జేబులో దోపి, బొటనవేలు పైకెత్తారు. ఎగరమని విమానానికి చెప్పినట్టే. ఆ క్షణాన మా నాటుపడవ నిజంగానే గాల్లోకి లేస్తుందనుకున్నాను.

ముహూర్తానికి పీటల మీద పడ్డాను. తెర అవతల నుంచి సన్నగా వినబడింది, "ఇంత ఆలస్యమేంటండీ?" అని. "పానా కనబడలేదండి" అన్నాను. నా భార్యతో నేనన్న మొదటి మాట అది.

ఈ కథ నేను చెప్పిన ప్రతిసారీ బాబాయి పక్కనుంటే దిద్దేవారు. "ఇంజన్ మీద కాదురా. మీ అత్త అరిసెల గంపలో." నిజం అదే. గంప మీద కప్పిన గుడ్డ మడతలో జారిపడింది. తిట్టినంతసేపూ అత్త దాన్నే వాటేసుకుని ఉంది. "గంపలో ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదుగా బాబాయ్, ఊరికే ఆపారు" అని నేను ఏడిపిస్తే, "ఆ సంగతి దొరికాక తెలిసిందిరా" అనేవారు.

మొన్న కార్తీకంలో ఆయన వెళ్ళిపోయారు. ఆ చుట్ట పిన్ని నాకిచ్చింది. విప్పి చూశాను, ఒక్క జేబూ ఖాళీ లేదు. ఇప్పుడు ఈ కథ ఇంజన్ మీద, బెల్టు పక్కన అని ఎంత ధీమాగా చెప్పినా అడ్డొచ్చేవాళ్ళు లేరు. చెప్పి, అలవాటుగా ఒక క్షణం ఆగుతాను. పేపరు వెనకనుంచి ఏ మాటా రాదు. ఇక చేసేదేముంది, నేనే దిద్దుకుంటున్నాను. అరిసెల గంపలోనండి.