చీరల మీద అమ్మవారు

విరుదునగరులో ఒక వెబ్ పేజీ మొరాయిస్తే, బాగుచెయ్యడానికి కోవిల్‌పట్టి నుంచి నన్ను పిలిపించారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కసీటాయనకు ఈ మాటే చెప్పాను. ఆయన నమ్మి తన ఫోన్ కూడా తీసి నా చేతిలో పెట్టాడు. మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. నన్నెవరూ పిలవలేదు. అక్కడ దొరికే నూనె పరోటా మీద మనసై, చెల్లెల్ని చూసే వంకతో బయల్దేరాను. పేజీ సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసింది.

చెల్లెలు ఇంట్లోనే మగ్గాలు పెట్టి చీరలు నేయిస్తుంది. వాటిని చూపించడానికి మేనకోడలు వెబ్ పేజీ కట్టింది. చీర బొమ్మ మీద వేలు పెడితే దాని కొంగు, అంచు, ధర తెరుచుకోవాలి. ఆ పొద్దున్నుంచి ఒక్క బొమ్మా తెరుచుకోవడం లేదు. చెన్నైలో బట్టల దుకాణం నడిపే ఒకావిడ, సాయంత్రంలోగా చూడలేకపోతే దీపావళి సరుకు వేరేచోట తీసుకుంటానని కబురు చేసింది. ఈ సరుకు అమ్ముడుపోకపోతే మగ్గాలు ఆపాలి. నేసేవాళ్లు తిరుత్తంగల్ వెళ్లి అచ్చాఫీసుల్లో పనికి చేరిపోతారు.

"జరుగు, నేను చూస్తా," అన్నాను.

"మామా, మీ ఇంట్లో టీవీ రిమోటే అత్త చేత నొక్కిస్తావంట గదా," అంది మేనకోడలు, లాప్‌టాప్ మీంచి కళ్లు తిప్పకుండా.

"సుమ్మా ఊరుకో పాపా. మా అగ్గిపెట్టెల కంపెనీకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని చూసుకున్నోడు ఎవురు?"

సాయంత్రాలు దానికి గుడ్డ కప్పే పని నాది. అంతవరకు నిజమే.

ఆ పిల్ల లింకులు ఒక్కొక్కటీ సరిచూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేరే ఫోన్‌లో చూసినా అంతే. అడ్డు తగలకుండా ఉండమని నాకు చెల్లెలి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది. నేను ఒక చిలకపచ్చ చీర మీద వేలు పెట్టి, తియ్యకుండా అలాగే నొక్కి ఉంచాను. బొమ్మ దాచుకుంటావా అని ఫోన్ అడిగింది. సరేనన్నాను. దాచినదాన్ని తెరిస్తే చీర లేదు, మా ఇలవేల్పు ఉంది.

"పాపా, చీర నొక్కితే అమ్మోరు వస్తుండాది!"

మేనకోడలు ఫోన్ లాక్కుని చూసి తల్లి వైపు తిరిగింది. "అమా, నిన్న నువ్వు పెట్టమన్న పటమే!"

మగ్గం పైన అమ్మవారి పటం కట్టనిదే మావాళ్లు నేత మొదలుపెట్టరు. పేజీకీ పటం ఉండాలని చెల్లెలు పట్టుబట్టింది. ఈ పిల్ల అమ్మవారిని పొగలా పలచగా చేసి పేజీ అంతటి మీదా పరిచింది. పటం అందంగా ఉందా లేదా అని చూసుకుంది గాని, దాన్ని అనుమానించలేదు. చీరలు కిందినుంచి కనిపిస్తున్నా, పడిన వేలల్లా అమ్మవారి మీదే పడుతోంది.

"ఎనక్కి పెట్టేస్తే సరి," అంది మేనకోడలు.

"ఎవుర్ని? అమ్మోర్ని చీర్ల ఎనక్కా?" చెల్లెలు గయ్యిమంది. "బేరం పోతే పోనీ. పటం పైనే ఉండాల."

ఆ మాట అనేసి మగ్గాల వైపు చూసింది.

మేనకోడలు లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. "సరిమా, పైనే ఉండనీ. వేలు పడితే పటం పట్టుకోకుండా కింద చీరకే పోయేటట్టు రాస్తా."

"అమ్మోరికేం తక్కువ కాదు గదా?"

"కాదుమా. ఆమె చూస్తా ఉంటాది, అడ్డం రాదు."

ఒక్క వరుస రాసింది, అంతే. నేను మళ్లీ నొక్కాను. ఈసారి చిలకపచ్చ కొంగు నిండుగా తెరుచుకుంది. లోపం కనిపెట్టింది నేనేనని అప్పటికప్పుడే ప్రకటించాను. కనిపెట్టింది నా తెలివి కాదు, వేలు ఎప్పుడు తియ్యాలో తెలియకపోవడం. వాళ్లకది తెలుసు, అయినా ఊరుకున్నారు.

పొద్దుగూకేముందు చెన్నై ఆవిడ ఫోన్ చేసింది. చీరలు నచ్చాయట, దీపావళి సరుకు మా దగ్గరే తీసుకుంటుందట, ఒకదానికి మాత్రం అంచు ఇంకా సన్నగా కావాలట. చెల్లెలు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మగ్గం దాకా నడిచి, నేసే ఆయన్ని అడిగింది.

"రేపు వస్తావు గదా?"

ఆయన చెయ్యి ఆపకుండానే తలూపాడు.