సున్నం కింద పేర్లు

నిన్న పొద్దున ఆఫీసుకు పోతూ బస్సులో ఉండగా వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న పోయిండు సునీత. గుండె ఆగిపోయింది."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నా బుర్రకెక్కలేదు. మొన్న సాయంత్రమే పాటల ప్రాక్టీస్ టైమ్ గురించి నాతో గొడవ పెట్టుకున్న మనిషి. ఆ గొడవలో నెగ్గింది కూడా ఆయనే. అట్లాంటి మనిషి పోవడమేంటి?

ఐజాక్ అన్న. ఆర్టీసీలో మెకానిక్. శాలిబండలో మా చిన్న చర్చికి యూత్ లీడర్. నేను ఆయనకు అసిస్టెంట్‌ని. ఆయన మొండి, నేను నోరుగల్లదాన్ని. మా ఇద్దరినీ చూసి పిల్లలు తెగ నవ్వుకునేవాళ్లు.

ఏడవకుండా ఒక్క సంగతి చెప్తాను. ఈ ఈస్టర్‌ది.

టీనేజ్ పిల్లలకు ప్రత్యేక ఆరాధన పెడదామని కూర్చున్నాం. నేను స్కిట్ అన్నాను, లైట్లన్నాను, డ్రమ్స్ అన్నాను. అన్న అన్నీ విని తల అడ్డంగా ఊపాడు.

"లొల్లి పోరగాళ్లకు దినమంత ఉంటది చెల్లె. ఒక్క గంట సప్పుడు లేకుండ ఉండనిద్దాం."

ఆయన ప్లాన్ ఇదీ. శనివారం పిల్లలు సమాధుల తోటకు వచ్చి, ఎవరూ పట్టించుకోని సమాధులు శుభ్రం చేసి సున్నం కొట్టాలి. ఈస్టర్ తెల్లవారుజామున ఒక్కొక్కరూ తాము కడిగిన సమాధి మీది పేరు చదవాలి. యేసు లేచినట్టే వాళ్లూ ఒకరోజు లేస్తారన్న నమ్మకంతో, మిగతా అందరూ "లేస్తారు" అనాలి. అంతే. ప్రసంగం లేదు.

చర్చి కమిటీ పెద్దాయనకు ఇది అస్సలు నచ్చలేదు. పిల్లల్ని సమాధుల మధ్య కూర్చోబెట్టడమేంటని కోప్పడ్డాడు. ఇది చెడితే వచ్చే ఏడాది యూత్ ఆరాధనే ఉండదని గట్టిగా చెప్పాడు.

నా భయం వేరే. ఇంటర్ చదివే స్నేహ గురించి. వానాకాలంలో వాళ్ల నాన్న పోయాడు. అప్పటి నుంచి ఆ పిల్ల చర్చిలో నోరు తెరిచి పాడింది లేదు, నాన్న సమాధి వైపు తొంగి చూసింది లేదు. అన్న ఆమెను బలవంతం చేయలేదు. రమ్మన్నాడు, అంతే.

శనివారం పిల్లలు భలే కష్టపడ్డారు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బంతిపూలు మోసుకొచ్చారు. సున్నం పూతల మీద పూతలు కొట్టారు. ఎంత కొట్టారంటే, పేర్లు కూడా కప్పేశారు. సున్నం ఆరాక అక్షరాలకు నల్లరంగు దిద్దడం మా అలవాటు. ఆ నల్లరంగు డబ్బా తేవడం మా లీడర్ గారు శుభ్రంగా మర్చిపోయారు.

తెల్లవారేసరికి తోటంతా తెల్లగా మెరుస్తోంది. ఒక్క పేరూ లేదు. పెద్దాయన మొహం చూడాలి. పేర్ల కార్యక్రమం మానేసి పాటలోకి పోదామని నేను అన్న చెవిలో గొణిగాను.

అన్న హాయిగా నవ్వాడు.

"చెక్కిన పేరు సున్నంతోని పోతదా? ఏళ్లు పెట్టి సూడుండ్రి."

పిల్లలంతా మోకాళ్ల మీద కూర్చున్నారు. వేళ్లతో తడుముతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేర్లు చదివారు. ఫోన్ వదలని పిల్లలు. ఎవరూ నవ్వలేదు. ఒక్కో పేరుకూ "లేస్తారు" అన్న మాట పెద్దదవుతూ వచ్చింది.

అప్పటిదాకా గేటు దగ్గరే నిలబడిన స్నేహ అప్పుడు కదిలింది. నేరుగా వాళ్ల నాన్న సమాధి దగ్గరికి వెళ్లింది. రాతి మీద చేయి పెట్టి ఆగిపోయింది. నేను పోబోతే అన్న ఆపాడు.

"ఉండు చెల్లె. ఆమెనే సదువనీ."

స్నేహ వేలు ఒక్కో అక్షరం మీదా నెమ్మదిగా కదిలింది. అప్పుడు స్నేహ గొంతెత్తి, ఏడుస్తూనే, తోటంతా వినిపించేలా "యేసురత్నం" అంది.

"లేస్తారు!"

అందరికంటే గట్టిగా అన్నది మా కమిటీ పెద్దాయన. ఆ తర్వాత పాడిన హల్లెలూయలో స్నేహ గొంతు నేను విడిగా విన్నాను. సూర్యుడు పైకొచ్చినా ఎవరూ ఇంటికి పోలేదు.

అన్నా, నువ్వు గెలిచావు. వచ్చే ఏడాది ఆరాధన ఎట్లా చేద్దామని పెద్దాయన ఆ రోజే నిన్ను అడిగాడు కదా. చేస్తాం, నీ పద్ధతిలోనే.

ఈ సాయంత్రం నిన్ను అదే తోటకు తీసుకొస్తున్నాం. పొద్దున స్నేహ మెసేజ్ పెట్టింది.

"అన్నకు ఇంక రాయి పెట్టలేదు గద అక్క. ఫికర్ చెయ్యకు. ఆ పేరు నేను సూడకుండనే పిలుస్త."

మేమందరం జవాబు చెప్తాం అన్నా. నువ్వు లేచే దాకా ప్రభువు ఒడిలో ప్రశాంతంగా పడుకో.