అన్ని జబ్బులకూ గౌతమ్ ఫోటో

నాచారం పారిశ్రామికవాడలో, పక్క ఫ్యాక్టరీ ఘాటు కిటికీలోంచి లోపలికొచ్చే మూడో అంతస్తులో గౌతమ్ ఆఫీసు. కంప్యూటర్లకు వైరస్ పట్టకుండా కాపాడే సాఫ్ట్‌వేర్ అమ్ముతారక్కడ. కొన్నవాళ్లకు కష్టమొస్తే కంపెనీ వెబ్‌సైట్లో తమ బాధ టైపు చేసి వెతుక్కోవాలి. సరైన జవాబు అన్నిటికన్నా పైన కనబడుతోందా లేదా అని చూడటమే మనవాడి పని. దాన్ని సెర్చ్ క్వాలిటీ ఇంజనీర్ అంటారు. ఉప్పల్‌లో ఇరుగుపొరుగు మాత్రం "వెతికే ఇంజనీరు" అని సరిపెట్టుకున్నారు.

మనిషి మంచివాడే. కాకపోతే తన తెలివి మీద ఉన్న గౌరవం అతనికి ఇంక దేనిమీదా లేదు. పాలవాడు ఫోన్ బయటికి తీస్తే చాలు, పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో చెప్పిగానీ పాలు పోయనిచ్చేవాడు కాదు.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో కోసం గోతులు తవ్వుతున్న రోజుల్లో మేనేజర్ జగన్మోహన్ ఒక మాటన్నాడు. వెబ్‌సైట్లో ఎవరు రాసిన సలహా వ్యాసాన్ని జనం ఎక్కువగా తెరిస్తే వాళ్లే టీమ్ లీడర్! గౌతమ్ ప్రాణం ఆ కుర్చీకి అతుక్కుపోయింది. అత్తవారింట్లో అప్పటికే టీమ్ లీడర్‌నని చెప్పేసుకున్నాడు కూడా. వెంటనే పాస్‌వర్డుల మీద వ్యాసం రాసి, పైన పెళ్లినాటి కోటులో నవ్వుతున్న తన ఫోటో పెట్టాడు. మొదటి వాక్యం: "భార్య పేరు పాస్‌వర్డ్‌గా పెట్టుకోవద్దు."

ఆ సెర్చ్‌కో గుణం ఉంది. ఏ మాట కొట్టి జనం దేన్ని తెరుస్తారో, ఆ మాటకు దాన్నే పైకి తెస్తుంది. దొంగ క్లిక్కులు పడితే ఏరిపారేయాల్సింది గౌతమే. తనవి మాత్రం దొంగవని అతనికి తోచలేదు.

నేరుగా నెట్ సెంటర్ బుచ్చిరాములు దగ్గరకెళ్లాడు. "అన్నా, వచ్చినవాళ్లందరితో కంప్యూటర్ బాధ ఏదో ఒకటి టైపు చేయించి, నా ఫోటో ఉన్నది తెరిపించు."

"ఏం బాధ కొట్టాలె తమ్మీ?"

"ఏదైనా సరే."

"గట్లైతే మస్తు అల్కగైతది, ఫికర్ జెయ్యకు," అన్నాడు బుచ్చిరాములు.

నెల తిరిగేసరికి తెర నల్లబడినా, ఫైళ్లు మాయమైనా, వైరస్ పట్టినా ఆ వెబ్‌సైట్లో అన్నిటికన్నా పైన గౌతమే నవ్వుతున్నాడు. టీమ్ లీడరయ్యాడు. ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచాడు.

అతని భార్య సత్యవేణి నాచారంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్లో పనిచేస్తుంది. మా ఆయన కంపెనీది, ఢోకా లేదని పెద్ద డాక్టరుకు హామీ ఇచ్చి అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టించింది ఆమే. ఒక సోమవారం పొద్దున, కౌంటర్ కిక్కిరిసి ఉండగా, వైరస్ పట్టి రోగుల వివరాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. సత్యవేణి వెబ్‌సైట్లోకి వెళ్లి బాధ టైపు చేసింది. మొగుడు ప్రత్యక్షమయ్యాడు. మాట మార్చి కొట్టింది. మళ్లీ మొగుడే. ఒళ్లు మండి ఫోన్ చేసింది.

"ఏవండీ, ఫైళ్లు తెరుచుకోవట్లేదంటే మీరు నవ్వుతారేంటండీ?"

గౌతమ్ గొంతు తగ్గించాడు. "కాస్త కిందకి వెళ్లు వేణీ. అసలు జవాబు నాలుగో పేజీలో ఉండాలి."

"ఇక్కడ జనం నా మీద పడిపోతున్నారు. నాలుగో పేజీకి ఎందుకు పోయింది?"

సరైన జవాబు పైన లేకపోతే ఎవరి గల్లా పట్టుకోవాలో ఆ కంపెనీలో గౌతమ్‌కన్నా బాగా ఎవరికీ తెలీదు. జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

ఇంతలో, జ్వరంతో మూలుగుతున్న మనవరాలిని భుజాన వేసుకుని మౌలాలి నుంచి వచ్చిన వెంకటనర్సమ్మ కౌంటర్ మీదకు వంగి తెరవంక చూసింది.

"ఎంతసేపు నిలవడాలె బిడ్డా? పోరికి ఒళ్లు కాలిపోతున్నది. గా కోటేసుకున్నాయన డాక్టరేనా? నవ్వుకుంట కూసున్నడు, గాయన్నన్న జర పిలువరాదు?"

సత్యవేణి ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"డాక్టర్ కాదమ్మా," అంది. "ఎవరో నాకు తెలీదు."

అవతల టీమ్ లీడర్‌కు ఆ మాట స్పష్టంగానే వినిపించింది.