రేపు దర్జీ ఎడమచెయ్యి

అప్పటికి తాత ఇంకా తాత కాలేదు. నెత్తిన జుట్టుంది, ఒక్కగానొక్క కూతురు బడికి పోతోంది. అయినా తాత అనే అందాం. వీధిలో ఆయనకున్న పేరు అంతకంటే అన్యాయమైనది. అందరూ రేపు దర్జీ అనేవాళ్ళు. బట్టలెప్పుడిస్తావని ఎవరడిగినా మిషను మీంచి తలెత్తకుండా "రేపు రండి" అనేవాడు. ఆ రేపు మర్నాడు కూడా రేపే. పెళ్ళికని గుడ్డిచ్చినవాడు ఆ చొక్కాని కొడుకు పుట్టినరోజుకి తొడుక్కున్నాడని ఒక కథ ప్రచారంలో ఉండేది. అది శుద్ధ అబద్ధం. పెళ్ళయిన వారానికే ఇచ్చేశాడు.

ఆ నత్తనడకకి కారణం లేకపోలేదు. తాత ఒంటిచేత్తో కుట్టేవాడు. కత్తెరైనా సూదైనా కుడిచేతికే. ఎడమచెయ్యి గుడ్డ మీద కాగితాలకి పెట్టిన బరువులా పడి ఉండేది. చిన్నప్పుడు మిద్దె మీంచి పడితే పట్టు తప్పిందని అందరికీ చెప్పాడు. అమ్మమ్మకి కూడా అదే చెప్పి పెళ్ళాడాడు.

నిజానికి మిద్దె లేదు, పడిందీ లేదు. తాతది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. వయసులో ఉండగా ఆ ఎడమచేతి వాటమే ఉత్త చేతివాటమైంది. వేరే ఊళ్ళో, బస్టాండులో, పరాయివాళ్ళ జేబుల్లో ఆ చెయ్యి తన సొంతింట్లో తిరిగినట్టు తిరిగేది. ఒక్కసారి కూడా దొరకలేదు. తర్వాత ఒకరోజు అన్నీ వదిలేసి ఈ ఊరొచ్చాడు. రాని చేత్తో కుట్టుపని నేర్చుకున్నాడు. వచ్చిన చేతిని కోటు విప్పి మేకుకి తగిలించినట్టు పనిలోంచి తప్పించేశాడు. మంచిపనికైనా సరే, ఇక దాన్ని కదపకూడదనుకున్నాడు. అది కదిలిందంటే అమ్మమ్మకి తెలిసిపోతుందని ఆయన భయం. ఊరంతటిలో ఆయన్ని మొదటి మాటకే నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

నమ్మడమంటే అమ్మమ్మది మామూలు నమ్మకం కాదు. తాత దుకాణం మూసి రాగానే గిన్నెలో నూనె వేడిచేసి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, మోచేతి నుంచి గోళ్ళ దాకా మర్దన చేసేది. తన తలకి లేకపోయినా ఆ చేతికి నూనె తప్పేది కాదు. చొక్కా గుండీలు ఆమే పెట్టేది. సీసాల మూతలు ఆమే తీసేది. నీళ్ళ బిందెలు ఆమే మోసేది.

"ఇవాళ కొంచెం పట్టొచ్చినట్టుంది కదయ్యా?" అని అడిగేది రోజూ.

"ఆ, కొంచెం," అనేవాడు తాత గోడకేసి చూస్తూ.

ఏళ్ళ తరబడి పని చెయ్యకుండా నూనె తాగిన చెయ్యి ఎలా ఉంటుంది? వెన్నలా తయారైంది. ఒక దొంగచేతికి అంత సేవ ఏ రాజ్యంలోనూ జరిగి ఉండదు. ఆ సంగతి తాతకి తెలుసు. మర్దన జరిగినంతసేపూ ఆయన మొహం పంటినొప్పి ఉన్నవాడిలా ఉండేది. పాపం, నొప్పెడుతోందనుకుని అమ్మమ్మ ఇంకాస్త మెల్లగా రాసేది.

ఇలా ఉండగా ఊళ్ళోకి ఒక గుర్రాల సినిమా వచ్చింది. అమ్మమ్మకి గుర్రాల సినిమాలంటే ప్రాణం. తెర మీద గుర్రం కనిపిస్తే చాలు, పైన కూర్చున్నవాడు ఎవడైనా హీరోనే. ఆదివారం మ్యాట్నీకి తాతని లాక్కెళ్ళింది.

కథ ఏమిటో ముందు తెలిస్తే తాత జ్వరమని ముసుగు తన్నేవాడే. ఎక్కణ్ణించో వచ్చినవాడొకడు ఒక పల్లెలో బండిచక్రాలు బాగుచేసుకుంటూ, ఒక పిల్లని పెళ్ళాడి, కిక్కురుమనకుండా బతుకుతుంటాడు. వాడు ఒకప్పుడు పేరుమోసిన తుపాకీగాడు. ఆ తుపాకీని గుడ్డలో చుట్టి పిండిమూట అడుగున దాస్తాడు.

"ఆ చెయ్యి చూడు," అంది అమ్మమ్మ తాత చెవిలో. "ఊరికే నడుం దగ్గర తచ్చాడుతోంది. వీడేదో దాస్తున్నాడయ్యా."

"ఊఁ," అన్నాడు తాత. తన ఎడమచేతిని తీసి తొడ కింద పెట్టుకున్నాడు.

"ఆ పెళ్ళాం వట్టి వెర్రిబాగుల్ది. నేనైతే మొదటిరోజే పట్టేద్దును."

తెర మీద ఆ వెర్రిబాగుల్ది రొట్టె చేద్దామని పిండిమూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అక్కడ ఇంటర్వెల్ వేశారు. హాలంతా ఉసూరుమంది. తాత మాత్రం బతుకుజీవుడా అని లేచాడు.

బయట టీ బల్ల దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ గుంపులో రిటైరైన హెడ్మాస్టరు ఉన్నారు. తాత కుట్టిన కోటే వేసుకొచ్చారు. "ఏమోయ్, నా ప్యాంటు సినిమా అయ్యేలోపు వస్తుందా, ఈ సినిమా పాతబడ్డాకా?" అని దూరం నుంచే ఒకటి విసిరి టీ కోసం అటు తిరిగారు. అప్పుడే తాత చూశాడు. మాస్టారి వెనక గళ్ళచొక్కావాడొకడు రెండు వేళ్ళు కత్తెరలా పెట్టి, కోటు జేబులోంచి పైకి కనిపిస్తున్న తోలుపెట్టెని లాగి చంకలో ఇరికించుకున్నాడు. వాడు పర్సనుకున్నాడు. అది కళ్ళజోడు పెట్టె.

తర్వాత జరగబోయేది తాతకి తెలుసు. కాసేపట్లో వాడు దాన్ని తెరుస్తాడు, చూస్తాడు, మురిక్కాలవలో పారేస్తాడు. ఎందుకు తెలుసంటే ఒకప్పుడు తనకీ ఇదే జరిగింది. బస్టాండులో ఒక ముసలాయన నడుముకి కట్టుకున్న సంచిని కొట్టేసి, మూలకెళ్ళి విప్పితే, అందులో కట్టుడుపళ్ళు. తాత నవ్వుకున్నాడు, అవును, నవ్వుకున్నాడు. మర్నాడు అదే బస్టాండులో ఆ ముసలాయన వంగి నేలంతా వెతుకుతూ కనిపించాడు. దారిన పోయేవాళ్ళని బోసినోటితో ఏదో అడుగుతున్నాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాక జనం నవ్వారు. తాత ఆ పళ్ళు జేబులో పెట్టుకుని ఆయన వెనకే తిరిగాడు. ఆయనకి తెలియకుండా తిరిగి ఎలా పెట్టాలో చేతకాలేదు. నేర్పిన ఉస్తాదు తీయడమే నేర్పాడు, పెట్టడం నేర్పలేదు. చేతికివ్వాలంటే మొహం చూపించాలి. అంత ధైర్యం లేక ముసలాయన బస్సెక్కేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడ తాత ఆలోచించలేదు. అన్నేళ్ళ నూనె తాగిన చెయ్యి తనంతట తనే లేచింది. గళ్ళచొక్కావాడి చంకలోంచి పెట్టె ఎప్పుడొచ్చిందో వాడికే తెలీదు. అక్కడిదాకా అద్భుతం. ఆ తర్వాత దాన్ని మాస్టారి జేబులో తిరిగి పెట్టబోయాడు. తీయాలంటే ఒక్క లాగుడు చాలు. పెట్టాలంటే జేబు మూత ఎత్తాలి, నోరు తెరవాలి, వస్తువు దింపాలి. పైగా దొంగలకి అందకూడదని ఆ జేబు నోరు ఇరుగ్గా కుట్టిన మహానుభావుడు తాతే. పెట్టె ఆ జేబు మూతకి అడ్డంపడింది. మాస్టారు గభాల్న మణికట్టు పట్టుకున్నారు.

"దొంగ, దొంగ," అన్నారెవరో. గేటు దగ్గర టికెట్లు చింపేవాడు వచ్చి తాత మెడ మీద చెయ్యేశాడు. గళ్ళచొక్కావాడు అందరికంటే ముందు నిలబడి "కలికాలం" అన్నాడు.

టీ ఆవిరి పడుతుందని తీసి పెట్టెలో దాచుకున్న ఆ కళ్ళజోడు లేకపోతే మాస్టారికి ఏనుగూ ఎలకా ఒకటే. "ఎవడ్రా వీడు?" అంటూ తాత చేతిలోని పెట్టె తీసుకుని, తీరిగ్గా కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, తాత మొహంలోకి చూశారు. "నువ్వా?" అన్నారు. ఆ మాటకి తాత చచ్చిపోయాడు. ఏమని చెప్పగలడు? తియ్యలేదు, పెడుతున్నానంటే, ఎవడు తీశాడో ఎలా తెలిసిందంటారు. వాడి దగ్గర్నించి ఎలా లాగావంటారు. నిజం ఒక అంగుళం చెప్తే మిగతాదంతా దాని వెంటే వచ్చేస్తుంది.

అప్పుడు జనాన్ని చీల్చుకుంటూ అమ్మమ్మ వచ్చింది.

"ఏ చేత్తో తీశాడండీ?"

"ఇదిగో, ఈ చేత్తోనే," అని మాస్టారు ఎడమచెయ్యి ఎత్తి చూపించారు.

అమ్మమ్మ నవ్వింది. "ఆ చేతికి పట్టే లేదు కదండీ. గుండీ పెట్టుకోవడమే రాదు, దొంగతనం చేస్తాడా? కింద పడిందేదో తీసివ్వబోయి ఉంటాడు. కావాలంటే చూడండి." బల్ల మీంచి నిండా టీ ఉన్న గ్లాసు తీసి తాత ఎడమచేతిలో పెట్టింది. "పట్టుకో అయ్యా, పట్టుకోగలిగితే."

అందరూ చూస్తున్నారు. తాత వేళ్ళు గ్లాసు చుట్టూ చక్కగా బిగుసుకున్నాయి. సుఖంగా ఉంది ఆ చేతికి. ఇంకాసేపు ఉంటే గ్లాసు అక్కడే ఉండిపోతుంది. తాత అమ్మమ్మ మొహం చూశాడు. అందులో అనుమానపు నలుసైనా లేదు. వేళ్ళు ఒక్కొక్కటే వదిలేశాడు.

గ్లాసు పగిలింది. వేడి టీ అమ్మమ్మ పాదం మీద పడింది. ఆమె కాలు కూడా వెనక్కి తీసుకోలేదు.

"చూశారా?" అంది అందరికేసీ తిరిగి, గెలిచినదానిలా.

జనం చల్లబడ్డారు. "అయినా చొక్కాకే నెల పట్టేవాడికి జేబు కొట్టాలంటే ఏడాది పట్టదూ," అన్నాడు గేటువాడు. అందరూ నవ్వారు. మాస్టారు తాత భుజం తట్టి, "ఏమనుకోకోయ్," అని తన పల్లీల పొట్లం చేతిలో పెట్టారు. తాత దాన్ని కుడిచేత్తో పట్టుకుని సినిమా అయ్యేదాకా ఒక్క పలుకు కూడా తినలేదు. తెర మీద ఎవరెవరు చచ్చారో ఆయనకి తెలీదు.

ఇంటికొచ్చేదారిలో అమ్మమ్మ కొంచెం కుంటుతోంది. "వాడు పెళ్ళానికి ముందే చెప్పి ఉంటే పోయేది," అంది. "పిండిలో చెయ్యి పెట్టినప్పుడు పాపం ఎంత హడలిపోయిందో."

ఇంట్లోకి రాగానే, తన పాదం సంగతి చూసుకోకుండా, నూనె గిన్నె తెచ్చి కింద కూర్చుంది. "పాడు మనుషులు, మణికట్టు ఎలా నులిమేశారో. ఇలా తే."

ఎర్రగా కందిపోయిన ఆ పాదం చూశాక తాత వల్ల కాలేదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గూట్లోంచి సూది తీసి, ఎడమచేత్తో ఒక్క ఊపులో దారం ఎక్కించి, తన చొక్కాకి వేలాడుతున్న గుండీని టకటకా కుట్టి, పంటితో దారం తెంపాడు. అమ్మమ్మ నూనె గిన్నె పట్టుకుని చూస్తోంది.

"మిద్దె మీంచి పడలేదే నేను," అన్నాడు తాత. మిగతాదంతా నేలకేసి చూస్తూ చెప్పాడు. గళ్ళచొక్కావాడి సంగతీ చెప్పాడు, గ్లాసు సంగతీ చెప్పాడు. చివరికి గుండీల డబ్బా అడుగునుంచి గుడ్డమూట తీసి ఆమె ముందు విప్పాడు.

అమ్మమ్మ గిన్నె కింద పెట్టింది. తర్వాత, "ఈ మంచి చేతికా నేను నూనె రాసింది?" అంది.

"ఊఁ."

"రోజూ 'కొంచెం పట్టొచ్చింది' అన్నావు కదయ్యా."

తాత తల ఇంకా కిందికి దిగింది. నాలుగు తిట్టినా, ఆ గిన్నె నెత్తిన బోర్లించినా బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. మూటలోని ఆ కట్టుడుపళ్ళు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ ముసలాయన తర్వాత ఏం తిన్నాడు?"

"తెలీదే."

ఆమె మిగిలిన నూనె తన పాదానికి రాసుకుని లేచింది.

మర్నాడు ఆమే దుకాణానికొచ్చి, ఆ పళ్ళు కడిగి, ఒక గాజు గ్లాసులో వేసి, మిషను పక్కన దారపు ఉండల మధ్య, వచ్చినవాళ్ళందరి కంటా పడేలా పెట్టింది. "అడిగితే చెప్పు," అని వెళ్ళిపోయింది. మర్దన ఆ రోజుతో సరి. గుండీలు తాతే పెట్టుకున్నాడు. నీళ్ళ బిందెలు కూడా.

మొదట వచ్చింది హెడ్మాస్టరు. తాత రెండు చేతులతో కుడుతున్నాడు. మిషను అంత జోరుగా తిరగడం వీధి ఎప్పుడూ వినలేదు. ప్యాంటు మడతపెట్టి సిద్ధంగా ఉంది.

"ఇదేమిటోయ్, చేతికి పట్టొచ్చిందా?" అన్నారు మాస్టారు. అంతలో గ్లాసు చూశారు. "ఎవరివివి?"

తాత మిషను ఆపాడు. "ఒకాయనవి మాస్టారూ. ఆయన దగ్గర కొట్టేశాను, ఈ చేత్తోనే. నిన్న మీ కళ్ళజోడు మాత్రం తియ్యలేదు, పెట్టబోయాను. గ్లాసు కావాలనే వదిలేశాను."

మాస్టారి చెయ్యి ఆయనకి తెలియకుండానే కోటు జేబు మీదికి వెళ్ళింది. తాత అది చూశాడు. చూశాడని మాస్టారికీ తెలిసింది. ఇద్దరూ ఎటో చూశారు.

"మరి ఆయనకి తిరిగి ఎప్పుడిస్తావు?" అన్నారు మాస్టారు చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ ప్రశ్నకి జీవితమంతా చెప్పిన జవాబు తాత నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాడు. మాట రాలేదు. తల వంచుకుని, ప్యాంటు ఆయన చేతికిచ్చి, మళ్ళీ కుట్టుకోసాగాడు.