తాబేలుకు పథ్యం

మందమర్రిలోని మా క్వార్టర్‌లో మాతోపాటు ఒక తాబేలు ఉండేది. ఒక వానాకాలం అడవి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. వెళ్లమని ఎవరూ అనలేదు, అదీ తొందరపడలేదు. దానికి పేరు పెట్టలేదు. పిలిస్తే వచ్చే రకం కాదు గనక అవసరం పడలేదు. బొగ్గుబాయి పని మానేశాక మా నాన్న, అంటే బాపు, రోజంతా దాని పక్కనే కూర్చునేవాడు. ఇద్దరి నడకా ఇంచుమించు ఒకటే.

నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజులవి. ఎనభైల మొదట్లో ఒక చలికాలం, సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ ఛాతీ జబ్బు. బాపుకు దగ్గు, జ్వరం. తాబేలుకు ముక్కులో బుడగలు. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. బాపుకు దవాఖానలో గోళీలు ఇచ్చారు. తాబేలును నేను సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోయాను. వరుసలో నా ముందు ఒక బర్రె, వెనక ఒక బర్రె. డాక్టరు దాన్ని కిరాణా దుకాణంలో తూకం వేయించుకుని రమ్మన్నాడు. బర్రెలకు వాడే సీసాలోంచే కొద్దిగా మందు తీసి ముందుకాలికి సూది వేశాడు. రోజు విడిచి రోజు తెమ్మన్నాడు.

బుడగలు తగ్గాయి. తిండి మాత్రం పూర్తిగా మానేసింది. గిన్నె ముందర పెట్టినప్పుడల్లా ఒకసారి చూసి తల లోపలికి తీసుకునేది. క్లాసులో ప్రశ్నలు అడిగే వేళకు నేనూ ఇంచుమించు అదే పద్ధతి పాటించేవాణ్ని.

అది చూసి బాపు తన కంచం పక్కకు నెట్టాడు.

"అది తిన్ననాడే నేను తింట."

"ఏంది, పిచ్చి లేసిందా? ఉత్త కడుపుల గోళీలేసుకుంటే పేగులు మాడ్తయి," అంది అవ్వ, అంటే మా అమ్మ.

"అయితే గోళీలు గూడ బంద్."

అన్నంత పనీ చేశాడు. చాయ్ తప్ప ఏదీ ముట్టలేదు. జ్వరం మళ్లీ తిరగబెట్టింది. గోడ పట్టుకుని నడుస్తూ, చలికి అలా నడుస్తున్నానని చెప్పాడు. దగ్గు తెర వస్తే అవ్వ వంటింట్లో చేస్తున్న పని ఆపి, అది తగ్గేదాకా కదలకుండా నిలబడేది. మా ఇంట్లో అప్పుడు ఎవరి ప్రాణం ఎవరి మీద ఆధారపడి ఉందో చెప్పడం కష్టం.

తాబేలు తినకపోవడం సూదుల వల్లేనని, వాటిని ఆపమని డాక్టరుకు బాపు నాతో కబురు పంపాడు. అవ్వ కూడా నా వెంట బయలుదేరింది.

"ఆపితే ఊపిరాడక పోతది," అన్నాడు డాక్టరు. "ఈ మందుకు ఆకలి సచ్చుడు ఉంటది, అది నిజమే. ఇంతకీ దానికి తినడానికేం వెడుతున్నరమ్మా?"

"పథ్యమే వెడుతున్న సారూ," అంది అవ్వ, బడిలో ఫస్టు వచ్చిన పిల్లలా. "సూది వడ్డప్పటి సంది గుమ్మడికాయ, దోసకాయ అన్నీ బంద్. గవి సలువ జేస్తయి గదా!"

"మరి?"

"జొన్న గట్క. మెత్తగ ఉడికించి, జర ఉప్పేసి."

"తాబేలుకా?"

"మీ సూది వడ్డదానికి!"

డాక్టరు కాసేపు కిటికీలోంచి బర్రెలను చూశాడు. బహుశా వాటిమీద గౌరవం పెరిగి ఉంటుంది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: దాని తిండి దానికి పెట్టాలి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచాలి, చలి తగలనీయొద్దు, సూది మానొద్దు.

 తిరిగి ఇంటి దగ్గరికి వచ్చాక అవ్వ, "నేనే సంపుతున్ననారా దాన్ని?" అంది. ఒక్క తాబేలు గురించే అడగడం లేదని తెలుసు. 

దోసకాయ పెట్టాం, గుమ్మడి ముక్క పెట్టాం. తినలేదు. మర్నాడూ తినలేదు. బాపు మంచం దిగడం మానేశాడు. పడుకున్న చోటు నుంచే, "తిన్నదా?" అని అడిగేవాడు. లేదంటే గోడ వైపు తిరిగేవాడు. తిన్నదని అబద్ధం చెబుదామన్నాను. "లేసొచ్చి జూస్తే?" అంది అవ్వ. అప్పటికి లేచి వచ్చే సత్తువ ఆయనకు లేదు. అది ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఒక పొద్దున అవ్వ బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి తాబేలును అందులో ఉంచింది. అది మెడ చాచి నీళ్లు తాగింది, చాలాసేపు. తుడిచి, బాపు మంచం పక్కన ఎండ పడే చోట పెట్టి, ముందర దోసకాయ ముక్క ఉంచాం. తల బయటికి వచ్చింది. ముక్కను కొరికి వదిలేసింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్లీ కొరికింది. ఈసారి వదల్లేదు. ఆ నమిలే చప్పుడు కోసం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"దానికి వెట్టినవు. నాకేది?" అన్నాడు బాపు.

"దగ్గు వెట్టుకొని దోసకాయ ఏంది?"

"అయితే వద్దు తియ్యి."

అవ్వ నా వైపు చూసింది. చదువుకున్నవాణ్ని గనక నేను పైకప్పు చూశాను. ఆమె కత్తి తీసుకుని పల్చగా ఒక ముక్క కోసి, ఉప్పద్ది ఆయన చేతిలో పెట్టింది.

బాపు చాలాసేపు నమిలాడు. ఇద్దరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. అది కదిలింది.

"గా గోళీ ఎక్కడ వెట్టినవే?" అన్నాడు.