ఇంగ్లీషు తర్వాత చెంబెడు నీళ్లు

మా ఆయన నూనె మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరాక, నేను బెజవాడ దగ్గరి మా ఊరు వదిలి సిద్దిపేట వచ్చాను. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ నలభైల్లో అది పరదేశం వెళ్లడమే. రాజు వేరు, రూపాయి వేరు, కచేరీలో భాష వేరు. సరిహద్దు దగ్గర సుంకం జవాను నా ట్రంకుపెట్టె తెరిచి, చీరలన్నీ పక్కన పడేసి, బొమ్మల ఇంగ్లీషు వాచకాన్ని పట్టుకున్నాడు. తిరగేశాడు, తలకిందులుగా చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. ఈ రాజ్యంలో నన్నెవరూ నమ్మరని అప్పుడే తెలిసిపోయింది. సరే, నేనూ ఎవర్నీ నమ్మనని ట్రంకుపెట్టె మూస్తూ అనుకున్నాను.

ఆ మాట మీద బాగానే నిలబడ్డాను. పాలు పోసే ఆమె లోపలికి తొంగి చూస్తే ఏదో ఆరా తీస్తోందనుకునేదాన్ని. చాకలి బట్టలు ఆలస్యంగా తెస్తే ఎవరికో చూపించి తెస్తున్నాడనుకునేదాన్ని. మా ఆయన తల కొట్టుకునేవాడు. "నీకు అనుమానం ఉగ్గుపాలతో పోశారే" అనేవాడు.

అయితే వీధి వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? వచ్చిన కొత్తలో పొద్దుపోక, అరుగు మీద చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెబుతానన్నాను. పెళ్లికి ముందు మా ఊళ్లో చెప్పిన అలవాటే. అంతే, నేను కిరస్తానీ మిషను వాళ్లు పంపిన మనిషినని పుకారు పుట్టింది. బొట్టు, మెట్టెలు అన్నీ వేషమట. ఒకామె మాటల్లో పెట్టి దగ్గరికి వచ్చి, నా నుదుటి మీద వేలితో రుద్ది చూసింది. కుంకుమ వేలికంటితే గానీ ఆమె నిమ్మళించలేదు.

అయినా నలుగురైదుగురు పిల్లలు వచ్చారు. వాళ్లలో ఒక ఆరేళ్ల పిల్ల. మా పక్కింటి నేతాయన కూతురు. ఆయన బొంబాయి దిక్కు మిల్లుల్లో పనిచేసి, అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు. ఒకసారి స్టేషన్ పలక మీది ఇంగ్లీషు చదవలేక ఏదో ఊళ్లో దిగిపోయి, రాత్రంతా తిప్పలు పడ్డాడట. అందుకని ఒక్కగానొక్క కూతుర్ని చేయి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టాడు.

"దసరకు మల్ల వస్త పంతులమ్మా. గప్పటికి జెర్రన్ని మాటలొస్తే ముంగట సదివిపిస్త. రాకుంటే ఇగ మగ్గానికి నూలు కండెలు సుట్టుకుంట ఇంట్లనే ఉంటది."

ఆయన అటు వెళ్లాడో లేదో, ఆయన తల్లి ఇటు దిగింది. సన్నగా, ఎండిన చింతబరికెలా ఉండేది ముసలమ్మ. పాఠం అయిపోయే వేళకు చేతిలో చెంబెడు నీళ్లతో మా అరుగు కింద నిలబడేది. మనవరాలు మెట్లు దిగగానే, "నోరు పుక్కిలియ్యి బిడ్డా" అని నీళ్లు పోసేది. పిల్ల పుక్కిలించి ఉమ్మేది. ముసలమ్మ తన కొంగున మూటకట్టిన కొమురవెల్లి మల్లన్న బండారి తీసి దాని నుదుట పసుప్పచ్చగా రాసేది. అప్పుడు గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెప్పిన పాఠం ఎంగిలా? ఒకరోజు ఉండబట్టలేక ముసలమ్మను అడిగేశాను.

"గా తెల్లోల్ల మాట నోట్లె ఉంచుకోని దేవుని అర్రలకు ఎట్ల పోతది? నువ్వు నేర్పేది నేర్పు, నేను కడిగేది కడుగుత" అంది, నా కళ్లలోకి సూటిగా చూస్తూ. మా ఆయన నన్ను లోపలికి పిలిచి, "పరాయి రాజ్యం, నోరు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ పిల్ల పాఠంలో చురుకు. మేకను చూపిస్తే గోట్ అనేది, తలుపును చూపిస్తే డోర్ అనేది. మర్నాడు అడిగితే ఒక్క ముక్క వచ్చేది కాదు. మళ్లీ చెబితే మళ్లీ వచ్చేది. తెల్లారితే మళ్లీ సున్నా. ఇది రోజూ ఇంతే. దసరా దగ్గర పడుతోంది. ముసలమ్మ బెదిరిస్తోందనుకున్నాను. పిల్లే నాటకమాడుతోందనుకున్నాను. ఆ చెంబులో ఏదైనా మందు కలుపుతోందా అని కూడా అనుకున్నాను, సిగ్గెందుకు.

ఒక సాయంత్రం ముసలమ్మ రావడం ఆలస్యమైంది. మిగతా పిల్లలు కేకలు వేసుకుంటూ వెళ్లిపోయారు. ఇది మాత్రం స్తంభాన్ని ఆనుకుని, పెదవులు బిగబట్టి నిలబడింది. పలకరిస్తే పలకదు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. చెంబు వచ్చింది, పిల్ల పుక్కిలించి ఉమ్మింది. ఆ నీళ్లు దుమ్ములో ఇంకుతుంటే వాటినే చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. "నిన్న నేర్చుకున్నది ఏమైందే?"

"ఉమ్మేసిన గద పంతులమ్మా" అంది, ఇంత తెలియదా అన్నట్టు. "నీళ్లల్ల పోయింది."

ముందు నాకు ఇదెవరో నేర్పిన మాటేమో అనిపించింది. దాని కళ్లు చూశాక ఆ అనుమానం నిలవలేదు. ఇంగ్లీషు నోట్లో ఉంటుందని, కడిగితే పోతుందని నాయనమ్మ చెప్పింది. పిల్ల నమ్మింది. నమ్మింది గనుక నిజంగానే పోయింది. దానికి ఏం చెప్పి ఒప్పించను? నాయనమ్మ మాట అబద్ధమంటే రేపటి నుంచి పిల్లే రాదు. చుట్టూ చూసి, దాని చెవిలో అన్నాను: "ఇవాళ్టి నుంచి ఉమ్మకు. పుక్కిలించి మింగెయ్."

పిల్ల మొహం విప్పారింది. ఆ సాయంత్రం గుటుక్కున మింగింది. మొహం వికారంగా పెట్టింది, పాపం. మా వీధి బావుల్లో నీళ్లన్నీ ఉప్పన. అంట్లు తోముకోవడానికే పనికొచ్చేవి. తాగే నీళ్లకు ఊరి చివరి మంచినీళ్ల బావిదాకా బిందెలతో నడవాలి.

మర్నాడు గోట్, డోర్, క్లాత్ అన్నీ వచ్చేశాయి. దానికంటే నేనే ఎక్కువ గంతులు వేశాను. ఆ తర్వాత మాత్రం రోజూ బిక్కుబిక్కుమంటూ గడిపాను. ముసలమ్మ చూపు పిల్ల గొంతు మీదే ఉన్నట్టుండేది. ఒక్కసారి కనిపెట్టిందా, పిల్ల కడుపులో ఇంగ్లీషు పోశానని వీధంతా నా మీదికి వస్తుంది. అన్నిటికంటే, పిల్ల కండెల దగ్గర కూలబడుతుంది.

దసరాకు తండ్రి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, కనిపించినదల్లా చూపించి కూతుర్ని అడిగాడు. అది తడుముకోకుండా చెప్పింది. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని, "సదువనియ్యి అవ్వా" అన్నాడు తల్లితో. ముసలమ్మ చెంబు ఎత్తింది.

పిల్ల పుక్కిలించి మింగింది. మొహం చిట్లించలేదు. ఇంకా కావాలని దోసిలి పట్టింది.

నా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇవాళ ఏం కలిపిందో అనుకున్నాను. గబగబా మెట్లు దిగి, ఆమె చేతిలోంచి చెంబు లాక్కుని, ఎత్తి నోట్లో పోసుకున్నాను.

మంచినీళ్లు. ఊరి చివరి బావి నీళ్లు.

మింగడం కూడా మరిచిపోయి ఆమెను చూశాను.

"అట్ల సూస్తవేంది? మింగుతున్నదని ఎన్నడో ఎరుక నాకు" అంది ముసలమ్మ, కొడుక్కి వినబడకుండా. "ఉప్పునీళ్లు ఎట్ల తాగుతది పసిపొల్ల?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె నా చేతిలోంచి చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లు మనవరాలి దోసిట్లో పోసింది.