క్యాజువాలిటీ అంటే

లాంకషైర్‌లోని ఆ నేతమిల్లుల ఊళ్లో హిల్డా ఎంట్‌విజిల్ నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పింది. మాటకు అర్థం సగం చెప్పి వదిలేస్తే ఆవిడకు ఒళ్లు మండేది.

1916 జూలైలో పత్రికలో యుద్ధ క్యాజువాలిటీల జాబితా పడింది. మగ్గాల మీద పనిచేసే బెస్సీ కొడుకు పేరు అందులో ఉంది. అంతే, వీధి వీధంతా కిటికీ తెరలు దించేశారు. ఎవరైనా పోతే అక్కడ అదే మర్యాద. బెస్సీ నల్లబట్టలు వేసుకుని కూర్చుంది.

హిల్డా చేతికర్రతో ఒక్కో తలుపూ బాదింది.

"తెరలెత్తండర్రా! బతికున్నవాణ్ణి పాతిపెడతారా? క్యాజువాలిటీ అంటే చచ్చినవాడని ఎవడు చెప్పాడు మీకు? గాయపడ్డా అదే మాట, జాడ తెలియకపోయినా అదే మాట. నా దగ్గర మీరు వెలగబెట్టిన చదువు ఇదా?"

పాత శిష్యులంతా సిగ్గుపడి తెరలెత్తారు. బెస్సీ పరుగెత్తుకొచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది.

"అయితే మా హెర్బర్ట్ బతికే ఉన్నాడా, టీచరమ్మా?"

చచ్చిపోయినా అదే మాట. ఆ మిగతా ముక్క హిల్డా నాలుక చివరిదాకా వచ్చింది.

"ముందు లోపలికెళ్లి టీ పెట్టు," అంది.

బెస్సీ నల్లబట్టలు విప్పేసి కొడుక్కి ఊలు మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది. రెండోది సగంలో ఉండగా సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. హెర్బర్ట్ జూలై మొదటిరోజు దాడిలోనే చనిపోయాడట.

ఆ పూట వీధిలో ఒక్కరూ తెర దించలేదు. టీచరమ్మ మళ్లీ తిడుతుందేమోనని అందరూ ఆవిడ కిటికీ వైపే చూస్తున్నారు.

హిల్డా లేచి తన తెర దించింది.